కూతురికి ఇవ్వని వేషం

మా బడిలో ఆవిడని డ్రామా మేడమ్ అనేవాళ్లం. నిజానికి ఆవిడ ఇంగ్లిషు టీచరు. జీవితంలో ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కిన మనిషి కాదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు తమకిష్టమైన సబ్జెక్టు ఒకటి ఎంచుకోవచ్చని కొత్తగా నియమం వచ్చిన ఏడాది, హెడ్మాస్టరుగారు టీచర్ల గదిలోకి వచ్చి, "ఇంగ్లిషు రచన ఒకటి, నాటకం ఒకటి పెట్టాలట. ఎవరు చెప్తారు?" అని అడిగారట. అందరూ గబగబా పరీక్ష పేపర్లలో తలలు దూర్చేశారు. మేడమ్ అప్పుడే క్లాసు ముగించుకుని ఉత్త చేతులతో గుమ్మంలోకి వచ్చారు. తల దూర్చుకోవడానికి ఆవిడకి పేపర్లు లేకపోయాయి. రెండు సబ్జెక్టులూ ఆవిడ నెత్తినే పడ్డాయి.

ఆటసామాన్ల గది పక్కన ఉన్న పొడవాటి గది ఇచ్చారు. గాలి పోయిన బంతుల వాసన వేసేది. బల్లలు గోడకి నెట్టి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, గీతకి ఇవతల ప్రేక్షకులు, అవతల స్టేజీ అన్నారు మేడమ్. రచన క్లాసు పిల్లలు నాటకం రాయాలి, నాటకం క్లాసు వాళ్లు దాన్ని ఆడాలి. నేను నాటకంలో చేరింది అదనపు లెక్కల క్లాసు తప్పించుకోవడానికి. నాలాంటివాళ్లే సగం మంది. అయినా కొన్ని నెలలకే ఆ గదిలోంచి మమ్మల్ని బయటికి పంపడానికి కాపలా ఆయన తాళాలు గలగలలాడించాల్సి వచ్చేది. "తలుపు తియ్యి" అన్న ఒక్క మాటని ఆకలితో వచ్చినవాడిలా, పోలీసులా, అలిగి వెళ్లి తిరిగొచ్చిన మొగుడిలా ఇంగ్లిషులో అనిపించేవారు మేడమ్. నవ్వి నవ్వి కడుపులు నొప్పెట్టేవి. ఇంగ్లిషంటే నాలుక మడతపడే మాకు, ఎప్పుడు వచ్చిందో తెలియకుండా ఇంగ్లిషు వచ్చేసింది.

ఆ క్లాసులోనే మేడమ్ కూతురూ ఉండేది. సన్నగా, ఎప్పుడూ గెంతుతూ ఉండేది కాబట్టి ఇంట్లోనూ బడిలోనూ అందరూ పిచ్చుక అనేవాళ్లు. బడిలో మాత్రం తల్లిని మేడమ్ అనే పిలవాలి. అది తల్లి పెట్టిన షరతు.

"తలుపు తియ్యి" అనడానికి పిచ్చుక వంతు వచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తే. అది వెంటనే ఏమీ అనలేదు. లేని తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. అవతల ఎవరో ఉన్నారని, ఉండి కూడా తియ్యడం లేదని మాకందరికీ తెలిసిపోయింది. అప్పుడు మెల్లిగా, అడగడానికి కూడా మొహం చెల్లనట్టు ఆ మాట అంది. గదిలో ఎవరం కదల్లేదు. మేడమ్ మాత్రం, "సరే, తర్వాత ఎవరు?" అన్నారు. నాకొచ్చిన మెచ్చుకోలులో సగం కూడా దానికి రాలేదు. నేను చేసింది ఉత్త కోతిచేష్ట.

ఎందుకలా చేశారో చాలా ఏళ్ల తర్వాత ఆవిడే నాకు చెప్పారు. అప్పటికి నేనూ ఆ బడిలోనే టీచర్ని. క్లాసు మొదలైన కొత్తలో లెక్కల మాస్టారు టీ తాగుతూ, "నాయికని బయట వెతుక్కోవడం దేనికి మేడమ్, ఇంట్లోనే ఉందిగా! కాకిపిల్ల కాకికి ముద్దు" అన్నారట. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వారు. కానీ ఆ మాట ముల్లులా దిగి, తియ్యడానికి అందకుండా లోపలే ఉండిపోయింది.

మొదటి ఏడాది నాటకంలో పిచ్చుక గుంపులో ఒకతె. రెండో ఏడాది రచన క్లాసువాళ్లు చాలా మంచి నాటకం రాశారు. ఒక ముసలావిడకి చెవులు వినపడకుండా పోతాయి. పిల్లలకి తెలిస్తే తనని పనికిరానిదాన్ని చేస్తారని భయపడి, వినపడుతున్నట్టే నటిస్తూ బతుకుతుంది. అందులో ముసలావిడదే అసలు వేషం.

ఆ వారమంతా పిచ్చుక ఇంట్లో చెవిటిదై తిరిగింది. "అన్నం తింటావుటే?" అని తల్లి అడిగితే, ఆవిడ పెదాల వంక చూసి, అర్థమైనట్టు నవ్వి, "అవునమ్మా, వాన వచ్చేలాగే ఉంది" అనేది. ముందు తల్లి పడీపడీ నవ్వారు. రెండో రోజు నవ్వలేకపోయారట. "ఆ నవ్వులో భయం కనపడిందమ్మా నాకు. పదిహేనేళ్ల పిల్లకి అంత భయం ఎక్కడ దొరికిందో!" అన్నారు నాతో.

వేషం మాత్రం మందుల షాపాయన కూతురికి ఇచ్చారు. ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు, చెప్పింది చెప్పినట్టు గట్టిగా అప్పజెప్పేది. పిచ్చుకకి ఉత్తరం తెచ్చి ఇచ్చే పోస్ట్‌మాన్ వేషం, ఒక్క మాట. నేను డాక్టర్ని.

మేడమ్ భర్త ఎలక్ట్రీషియన్. మా నాటకానికి లైట్లు ఆయనే కట్టేవారు. ఆ సంగతి తెలిసి ఆయన, "ఎవరో ఏదో అంటారని కన్నపిల్ల నోరు కొడతావా? ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది నీ వరస" అన్నారట. "మీకు తెలీదు, ఊరుకోండి" అన్నారు ఈవిడ.

నాటకం ఆడే రోజు మందుల షాపాయన కూతురికి గొంతు పూర్తిగా పోయింది. తండ్రి షాపులో ఉన్న గొంతు మందులన్నీ మింగించినట్టున్నాడు, పిల్ల నోరు తెరిస్తే మందుల వాసన తప్ప మాట రావడం లేదు. హాలు నిండిపోయింది. తెర వెనక మేడమ్, హెడ్మాస్టరుగారు, లెక్కల మాస్టారు, మేమూ నిలబడి ఉన్నాం. పోస్ట్‌మాన్ టోపీతో పిచ్చుక ముందుకి వచ్చింది.

"అమ్మా, నేను చేస్తాను. మాటలన్నీ వచ్చు నాకు."

మేడమ్ అనలేదు, అమ్మా అంది. లెక్కల మాస్టారు ఆవిడ వంక చూశారు. ఆయన చూపులో ఏముందో నాకు తెలీదు, బహుశా ఏమీ లేదేమో. మేడమ్ మొహం బిగుసుకుపోయింది.

"వద్దు. ఆ అమ్మాయే స్టేజీ మీద నోరు కదిపితే చాలు. మాటలు నేను ఇక్కణ్ణుంచి చదువుతాను."

"మేడమ్, పిచ్చుకకి వచ్చంట కదా..." అని నేను నసిగాను.

"నీ డాక్టరు కోటు గుండీలు పెట్టుకో ముందు" అన్నారు.

నాటకం నవ్వులపాలైంది. పెదాలు ఒకచోట కదిలితే మాట ఇంకోచోట వినిపించేది. ముసలావిడ మంచినీళ్లు తాగుతుండగా ఆవిడ గొంతు తెర వెనకనుంచి మాట్లాడింది. ఏడవాల్సిన చోట హాలంతా గొల్లుమంది. పిచ్చుక తన వంతు రాగానే వెళ్లి, ఉత్తరం ఇచ్చి, ఒక్క మాట చెప్పి వచ్చింది. దాని ఒక్క మాటకే ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ తల్లిని అడిగిందట. "నేను అంత బాగా చెయ్యనా అమ్మా?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. కానీ నిజం చెప్తే, మరి ఎందుకివ్వలేదన్న ప్రశ్న వస్తుంది. "ఆ వేషానికి నీ గొంతు సరిపోదే" అన్నారు మేడమ్.

పిచ్చుక తల ఊపింది. ఏడవలేదు, అలగలేదు. మర్నాటినుంచి గెంతుతూనే తిరిగింది. పదో తరగతి అయ్యాక కాలేజీలో మాత్రం నాటకం జోలికి పోకుండా అకౌంట్లు తీసుకుంది. ఆ తర్వాత ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. మంచి పిల్ల, మంచి ఉద్యోగం. వంక పెట్టడానికేం లేదు.

మేడమ్ ఆ తర్వాత చాలా ఏళ్లు నాటకం చెప్పారు. వేషాలివ్వడంలో ఆవిడంత నిక్కచ్చి మనిషి లేదని పేరొచ్చింది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా ఆవిడ మాట మార్చేసేవారు. రానురాను పిల్లలు కంప్యూటర్ల వైపు వెళ్లిపోయారు. ఆవిడ రిటైరైన ఏడాదే నాటకం సబ్జెక్టు కూడా ఎత్తేశారు.

గది ఖాళీ చెయ్యడానికి పిచ్చుక సెలవు పెట్టి వచ్చింది. తల్లీకూతుళ్లు చెరో కొసా పట్టుకుని తెరగుడ్డలు దులిపి మడతపెడుతున్నారు. అప్పుడు మేడమ్ చెప్పేశారట. లెక్కల మాస్టారి మాట, తన భయం, కుళాయి దగ్గర ఆడిన అబద్ధం, అన్నీ. "నీ అంత బాగా చేసిన పిల్ల నాకు మళ్లీ దొరకలేదే" అన్నారు.

పిచ్చుక మడత పూర్తిచేసి, గుడ్డ బల్ల మీద పెట్టింది.

"ఎందుకు చెప్పావమ్మా?"

"నీకు తెలియాలి కదా."

"నాకు రాదులే అనుకుని ఇన్నేళ్లూ హాయిగానే ఉన్నాను. ఏ నాటకం చూసినా, మనవల్ల కాదులే అనుకుని లేచొచ్చేదాన్ని. ఇప్పుడు వచ్చు అంటే నేనేం చేసుకోను? నీ గుండె బరువు దిగింది. నాది?"

మేడమ్ బల్ల మీది మడతని అరచేత్తో మళ్లీ సాపుచేశారు. "ఇంకో గుడ్డ అందుకో, చీకటి పడకుండా అయిపోవాలి" అంది కూతురే.

తల్లీకూతుళ్ల మధ్య రాకపోకలు ఆగలేదు. మందులు వేసుకున్నావా అని పిచ్చుక రోజూ ఫోన్ చేస్తుంది. ఊళ్లో ఉద్యోగస్తులు కొందరు కలిసి నాటకాలు ఆడుతుంటారు. మేడమ్ వాళ్ల దగ్గరికి వెళ్లి, మా అమ్మాయిని చేర్చుకుంటారా అని అడిగొచ్చారు. వాళ్లు సంతోషంగా రమ్మన్నారు. పిచ్చుక, "ఆఫీసునుంచి ఇంటికొచ్చి వంట చేసేసరికే ప్రాణం పోతోంది, ఇంకా నాటకాలా!" అని నవ్వేసింది.

ఒక్కసారి మాత్రం తల్లి పోరు పడలేక వాళ్ల నాటకం చూడటానికి వచ్చింది. నేనూ వెళ్లాను. మేడమ్ స్టేజీ వంక చూసింది తక్కువ, పక్కన కూర్చున్న కూతురి మొహం చూసింది ఎక్కువ. పిచ్చుక చివరిదాకా కదలకుండా కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడమ్ అడిగారు. "ఎలా ఉందే?"

"బాగుంది" అంది పిచ్చుక, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఇంకేదో అడగాలని మేడమ్ నోరు తెరిచారు. మళ్లీ ఏమనుకున్నారో, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని ఊరుకున్నారు. వాళ్ల స్టాపు వచ్చేదాకా ఆ కమ్మీ వదల్లేదు.