చప్పుడు ఆపి చూసే తిలకవతి మిస్

ఈ ఉదయం మా వీధిలో మునిసిపాలిటీ మనిషి కుళాయి నీళ్ళ వాల్వు ఉండే గుంత మీది ఇనుప మూతను పక్కకు లాగాడు. ఇనుము రాతిని రాసుకునే ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి. ఆ వెంటనే తిలకవతి మిస్ గుర్తుకొస్తారు. ఆమెకూ నీళ్ళ గుంతకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ఆమె పుదుచ్చేరిలో మా కాలేజీలో బి.ఎ. పిల్లలకు సినిమా పాఠాలు చెప్పేవారు. మా నాయన ముత్తియాల్‌పేట వీధులకు కుళాయి నీళ్ళు వదిలేవాడు. ఆ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకూడదని నేను మూడేళ్ళు నానా తంటాలు పడ్డాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మా డిపార్ట్‌మెంటుకు ఉన్నది ఒకే కెమెరా, ఒకే ఎడిటింగు గది. మిస్ రెడ్డియార్‌పాళయం నుంచి పాత మోపెడ్ మీద వచ్చేవారు. యంత్రాలకూ ఆమెకూ చుక్కెదురు. క్యాసెట్ పెట్టాలన్నా ఎవరినో ఒకరిని కేకేయాల్సిందే. కానీ చూడటం అంటే ఏమిటో ఆమె దగ్గరే నేర్చుకోవాలి. మొదటి రోజు క్లాసులో ఒక సినిమా పెట్టించి, టీవీ వాల్యూమ్‌ను సున్నాకు తగ్గించేశారు. మాటలు వినబడటం లేదని మేం గోల పెట్టాం. ఆమె తమిళంలోనే మాట్లాడేవారు, నేను నా తెలుగులో రాస్తున్నాను: "మాటలదేముంది, ఎంచుకుని చెప్తారు. ముందు ఆ గదిలో ఎవరికి ఎవరంటే భయమో చూసి చెప్పండి. తర్వాత వాల్యూమ్ పెడతాను." ఇరవై నిమిషాల తర్వాత పెట్టారు కూడా. మా క్లాసులో సగం మంది సరిగ్గానే చెప్పారు. నేను చెప్పలేకపోయాను. ఆ ఉక్రోషంతోనే ఆమె వెంటపడి నేర్చుకున్నాను.

మూడో ఏడు ఒక్కొక్కరూ ఏదో ఒక విషయం మీద పరిశోధన చేసి పది నిమిషాల చిత్రం తీయాలి. దానితోపాటు ఒక కాగితం నింపి ఇవ్వాలి. ఆ కాగితంలో మిస్ సొంతంగా చేర్చిన ప్రశ్న ఒకటి ఉండేది: 'చిత్రంలోని మనిషి మీకు ఏమవుతారు?' దానికి నిజం రాయకపోతే ఆమె సంతకం చేసేవారు కాదు. సంతకం లేని చిత్రాన్ని పరీక్షకు వేసేవారు కాదు.

నేను నాయన పనినే ఎంచుకున్నాను. తెల్లవారుజామున ఆయన పొడవాటి ఇనుప కడ్డీని గుంతలోకి దించి వాల్వు తిప్పుతాడు. తిప్పాక ఆ కడ్డీకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, పైపులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో వింటాడు. అంత అందమైన పని నేను ఇంకొకటి చూడలేదు. కానీ మా నాయన ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగి అని క్లాసులో ఎప్పుడో కోతలు కోసేశాను. ఆ పని నా చిత్రంలో కావాలి, ఆ పని చేసే మనిషి మాత్రం నాకు ఏమీ కాకూడదు. అంత గొప్ప బుద్ధి నాది అప్పుడు.

ముందురోజు సాయంత్రం నాయనను కూర్చోబెట్టి చెప్పాను. తమిళంలోనే మాట్లాడాలి, కూతురినని తెలియకూడదు, నన్ను మేడమ్ అనాలి.

"సరే అమ్మీ. మేడమ్ అంటే మేడమ్. ఇంగేమన్నా ఉండాదా చెప్పేది?"

చెప్పినట్టే చేశాడు. ఒక్క చోట తప్ప. నేను కెమెరా పట్టుకుని వెనక్కి నడుస్తున్నాను. కడ్డీకి చెవి పెట్టిన మనిషి చటుక్కున దాన్ని వదిలేసి చెయ్యి చాచాడు. "చూసుకో అమ్మీ, ఎనక గుంత ఉండాది." ఎడిటింగులో ఆ మాట తీసేసి, దాని మీద నీళ్ళ చప్పుడు పరిచాను. బొమ్మను మాత్రం తీసేయలేకపోయాను, అంత బాగా వచ్చింది. కాగితం మీద 'ఏమీ కారు' అని రాసి, మిస్‌కు చూపించడానికి వెళ్ళాను.

మిస్ అలవాటుగా వాల్యూమ్ తగ్గించారు. నేను అంత కష్టపడి పరిచిన నీళ్ళ చప్పుడు కాస్తా పోయింది. ఆ చోటు వచ్చేసరికి ఆపించి, వెనక్కి తిప్పించి, మూడుసార్లు చూశారు.

"ఎవరో కాలేజీ పిల్ల పడబోతుంటే ఎవరైనా కేకేస్తారు. ఈయన నీళ్ళు వచ్చే వేళకు పని వదిలేశాడే. నీకేమవుతాడు?"

"ఏమీ కాడు మిస్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే ఆయన పేరు, ఆయన తిరిగే వీధులు అన్నీ గడగడా చెప్పేశాను. ఆమె గద్దించలేదు. కాగితం నాకు తిరిగి ఇచ్చారు.

"చిత్రం బాగుంది. ఇది మాత్రం అబద్ధం. నేను ఎవరికీ చెప్పను, నువ్వు చెప్పాలన్న బలవంతమూ లేదు. కానీ దీని మీద సంతకం చేయను. శుక్రవారం దాకా టైముంది."

బస్సులో ఆమెను తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను. నిజం రాస్తే ఎప్పటికైనా క్లాసులో తెలిసి నా పరువు పోతుంది, రాయకపోతే ఏడాది పోతుంది. నాయన గుమ్మంలోనే నా ముఖం చూసి పోల్చుకున్నాడు.

"టీచరమ్మ కనుక్కున్నాదా? నేను యాడ తప్పినా అమ్మీ? మేడమ్ మేడమ్ అనే అన్నాను గదా."

"గుంత కాడ నాయనా."

"ఓ, అదా." తల గోక్కున్నాడు. "మర్చిపోయినా. పర్వాలేదు, రేపు పొద్దున ఇంగోతూరి తీసుకో. ఈ తూరి నీ పక్క చూడను."

అంత సిగ్గు నాకు జీవితంలో ఎన్నడూ వేయలేదు. తన కూతురు తనను దాచిపెడుతోందని ఆయనకు తెలుసు. ఆ దాచడంలోనూ తను పొరపాటు చేశానేమో అని బాధపడుతున్నాడు. ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను.

మర్నాడు ఎడిటింగు గదిలో నీళ్ళ చప్పుడు తీసేసి ఆ మాటను తిరిగి పెట్టాను. కాగితం మీద 'మా నాయన' అని రాశాను. మిస్ సంతకం చేసి, "ప్రదర్శనకు ఆయన్ను పిలువు" అన్నారు, అంతే.

ప్రదర్శన రోజు నాయన ఉతికిన ఖాకీ చొక్కాతో చివరి వరుసలో ఒదిగి కూర్చున్నాడు. చిత్రం మొదలయ్యాక నేను తెర వైపు చూడలేదు, ఫ్రెండ్స్ ముఖాలే చూస్తున్నాను. ఆ చోటు దగ్గర పడుతుండగా మిస్ లేచి టీవీ దగ్గరికి వెళ్ళారు. ఏ చిత్రానికైనా ముందు చప్పుడు తగ్గించే మనిషి, ఆ రోజు వాల్యూమ్ పూర్తిగా పెంచారు. నాయన గొంతు గదంతా వినిపించింది. "చూసుకో అమ్మీ, ఎనక గుంత ఉండాది." మా క్లాసులో ఆ తెలుగు ఇద్దరికో ముగ్గురికో తప్ప రాదు. అయినా అర్థం కానివాళ్ళు లేరు. అందరూ వెనక్కి తిరిగి ఆయనను చూశారు. ఎవరూ నవ్వలేదు.

అయిపోయాక నాయన మిస్‌కు దండం పెట్టి, తన వల్ల పాపకు మార్కులేమైనా తగ్గాయా అని తమిళంలో అడిగాడు. ఆమె మాత్రం కడ్డీలో నీళ్ళు ఎలా వినబడతాయో తనకూ నేర్పమన్నారు. నాయన కిటికీ ఊచ మీద వేలితో తట్టి చూపించాడు. మా మిస్ కళ్ళజోడు తీసి, పిల్లలందరి ముందూ ఆ ఊచకు చెవి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఇప్పుడు మిస్ లేరు, నాయనా లేడు. ఎడిటింగే నాకు అన్నం పెడుతోంది. ఎవరు ఏం తీసుకొచ్చినా నేను ముందు చప్పుడు ఆపి చూస్తాను. ఆ మనిషి ఎక్కడ, ఎవరి కోసం చేతిలో పని వదిలేశాడో వెతుకుతాను. అది దొరికాక, మిస్ చేసినట్టే, వాల్యూమ్ పెంచుతాను.