నిలువెత్తు దారం

చెట్టు ఎత్తు ఒక్కసారి కొలిస్తే దాని పెరుగుదల గురించి ఏమీ తెలియదు. అదే చెట్టును ఏటేటా మళ్ళీ కొలవాలి. గొల్లపల్లి టేకు తోటల్లో కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఏ వయసుకు చెట్టు ఎంత ఎదుగుతుందో లెక్కగట్టడమే నా ఉద్యోగం. అలాంటి నాకు, మా పాపను చూపించడానికి వెళ్తే, జగిత్యాలలో పిల్లల డాక్టరు అదే పాఠం అప్పజెప్పాడు.

"ఒక్క కొలతతోని ఏం చెప్పమంటరు మేడం? పాప ఈడు పిల్లలకంటె పొట్టిగ ఉన్నది, నిజమే. ఏడాదికి ఎంత పెరుగుతున్నదో తెలిస్తేనే మందు కావాల్నో వద్దో చెప్త. పాత కొలతలు తీస్కరాండ్రి."

పాత కొలతలు ఎక్కడివి? గుమ్మానికి ఆనించి గీత గీద్దామన్న ప్రతిసారీ మా అత్తమ్మ అడ్డుపడింది. "బీరపిందెకు వేలు చూపెడ్తెనే మురిగిపోతది. పిల్లను కొలుస్తరా ఎవలన్న?" పోనీ బడివాళ్ళ కార్డు చూద్దామంటే, అందులో పిల్ల పోయినేడాది కంటే పొట్టిదైంది! అక్కడినుంచే బడికి ఫోన్ చేసి అడిగితే, ఒకసారి బూట్లతో, ఒకసారి బూట్లు విప్పించి కొలిచారట. ఒళ్ళు మండిపోయింది. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. పక్కన పిల్ల బిస్కెట్టు తింటూ నన్నే చూసింది.

ఆ వారమే కార్తీక పున్నమి. సిరిసిల్లలో అత్తమ్మ ఇంటికి వెళ్ళాం; ఏటా పిల్లను పంపడమే తప్ప ఈ పండక్కి నేను రావడం ఇదే మొదలు. వీధంతా మరమగ్గాల చప్పుడు. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అత్తమ్మ పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి, నడినెత్తి నుంచి నేల దాకా నూలుదారం పట్టి తెంపుతోంది.

"ఏందత్తమ్మా ఇది? కొలవద్దంటివి గదా!"

"నేనేడ కొలుస్తున్న? పిల్ల నిలువెత్తు దారంతోని వత్తి చేసి ముట్టిస్త. పుట్టినకాన్నుంచి ఏటేట చేసేదే. ఎదుగుడు దేవునికి అప్పజెప్పాలె గద."

ఏటేటా! నాకు ప్రాణం లేచొచ్చింది. "పోయినేటి దారమేది మరి?"

"ఏడుంటది బిడ్డా? కాలిపాయె."

తల బాదుకోవాలనిపించింది. డాక్టరు అడిగిన లెక్కంతా, ఏడాదికొక దారం చొప్పున, నెయ్యి పోసి మరీ కాల్చేసింది. కనీసం ఇదన్నా మిగలాలని ఆ దారం లాక్కున్నంత పని చేసి, సంచిలోంచి చెట్లు కొలిచే టేపు తీశాను. డాక్టరు రాసినదాని కంటే బాగా ఎక్కువొచ్చింది. వారంలో అంత పెరగడానికి ఇదేమన్నా వెదురుబొంగా?

పిల్లను మళ్ళీ గోడకు నిలబెట్టాను. కొత్తవాళ్ళు చెట్టు కొనవైపే చూస్తారని, మొదలు కూడా చూడండని రోజూ అరుస్తుంటాను. వంగి చూశాను. మడమలు రెండూ నేల మీద లేవు. పిల్ల మునివేళ్ళ మీద నిలబడి వణుకుతోంది.

"మడిమలు కిందికి ఆనియ్యి బిడ్డా."

"ఆనిస్తె పొట్టిగైత గదా మమ్మీ. నువ్వు మల్ల ఏడుస్తవ్."

అత్తమ్మ పిల్ల మడమలు దించేదాకా ఆగి, దారం మళ్ళీ పట్టి చూసి, ఎక్కువైన ముక్కను తెంపి నా చేతిలో పెట్టింది. మిగిలినదాన్ని వత్తి పేని దీపంలో వేసింది.

నా చేతిలో ఉన్నది బెత్తెడు దారం. నా బిడ్డ అంత మేరా నా కోసం పెరిగింది.