ఎవరి మాటప్పా ఇది?

మద్రాసులో భవన నిర్మాణం చదువుతూ, చివరి ఏడాది థీసిస్ రాసుకోవడానికి సెలవుల్లో కడపకు వచ్చాను. ఒంటిమిట్ట యాత్రికుల కోసం ఒక సత్రానికి నమూనా గీయాలి. బడిలో నాకు డ్రాయింగు నేర్పిన మాస్టారు అప్పటికి రిటైరై, భార్య పోయాక ఒక్క గదిలో ఒంటరిగా ఉంటున్నారు. రోజూ సాయంత్రం నేను రాసింది తీసుకెళ్లి ఆయనకు చూపించేవాణ్ణి.

“ముందు సత్రానికి వచ్చేటోళ్లు ఎవరో చెప్పు. తర్వాత స్థలం. పటం ఆఖర్న” అని అధ్యాయాల వరస మార్పించారు. ఏ వాక్యం మీద అనుమానం వచ్చినా దానిమీద వేలు ఆనించి, “ఎవరి మాటప్పా ఇది?” అనేవారు. ఆ పేరు పుట అడుగున రాసేదాకా వేలు తీసేవారు కాదు.

ఒకనాడు, ‘ఒంటరిగా వచ్చేవారికి వెనక మూలన చిన్న గది చాలు’ అన్న వాక్యం దగ్గర ఆ వేలు ఆగింది. ఒక ఇంగ్లీషు పుస్తకంలోది అన్నాను.

“రాసినాయన ఒంటరిగా ఉండి చూసినాడా?” అన్నారు. వేలు తీయకుండానే, “వాళ్ల గదులు వాకిలి పక్కన పెట్టు. వచ్చేపోయే మనుషుల మాటలన్నా ఇనపడతాయి” అన్నారు.

గదులు మార్చాను. పుట అడుగున ఆయన పేరే రాసి చూపించాను. దాన్ని చాలాసేపు చూసి, “రేపు ఇంగో అధ్యాయం తెస్తావా?” అని అడిగారు.

థీసిస్ అంతటితో అయిపోయింది. ఆ మాట చెప్పడానికి నోరు రాక, తెస్తానన్నాను. మరునాడు మొదటి అధ్యాయమే పట్టుకెళ్లాను. ఎప్పుడో చదివేసిన కాగితాలని ఆయన చూడగానే గుర్తుపట్టారు. అయినా చాప పరిచి నన్ను కూర్చోమన్నారు.