భీమశంకరం గారు తప్పుపట్టిన పలావ్

అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి మొదటి వారంలోనే మూడు ఫోన్ నంబర్లు చేతికొస్తాయి. ఒకటి అపార్ట్‌మెంట్ ఆఫీసుది, ఒకటి డ్రైవింగ్ నేర్పే మనిషిది, మూడోది భీమశంకరం గారిది. ఈ చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో మన తిండి ఎక్కడ బాగుంటుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నెట్‌లో నాలుగున్నర స్టార్లు కనిపించినా సరే, "భీమశంకరం గారు ఏమన్నారు?" అని అడిగాకే మావాళ్ళు కారు తీస్తారు.

మేం ఆయనకి రెండిళ్ళ అవతల ఉంటాం. నేనూ మా ఆయన దివాకర్ విజయవాడ నుంచి వచ్చిన కొత్తలో, బోర్డు చూసి మోసపోయి ఒక చోట పప్పులో పంచదార తిని, ఇంటికొచ్చి మజ్జిగన్నంతో నోరు బాగుచేసుకున్నాం. ఆ సంగతి తెలిసి మర్నాడే ఆయన మమ్మల్ని తన కారులో ఎక్కించుకుని ఆర్చర్డ్ లేక్ రోడ్డు వెనకాల ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్ళారు. పేరు పంజాబీది, వండేది నెల్లూరు మనిషి. ఆ రోజు చారు తాగుతూ నేను ఏడ్చాను. దివాకర్ సిగ్గుపడ్డాడు కానీ భీమశంకరం గారు పడలేదు. "ఏం ఫర్లేదమ్మా, నేనూ ఇక్కడే ఏడ్చాను" అన్నారు.

ఆయన ఏడ్చింది భార్య పోయిన ఏడాది. బతికినన్నాళ్ళూ ఆవిడ ఆయన్ని వంటింట్లోకి రానివ్వలేదు. అది ప్రేమో, పెత్తనమో నాకు తెలియదు. మొత్తానికి ఆవిడ పోయేనాటికి ఆయనకి టీ పెట్టుకోవడం కూడా రాదు. పైగా ఉల్లిపాయే బొత్తిగా తగ్గించి వండే ఇల్లు. లవంగం, చెక్క వక్కపొడిలో తప్ప కూరలో ఎరగరు. అలా ఆకలితో మొదలైంది ఆయన వెతుకులాట. రోడ్డు పక్కన వరస కొట్లుండే ఒక్కో స్ట్రిప్ మాల్, ఒక్కో ఇరుకు హోటల్ తిరిగి, బాగున్నవి నలుగురికి చెప్పడం మొదలుపెట్టారు. ఆ నలుగురూ వాట్సాప్ గ్రూపై, ఎనిమిది వందల మందయ్యారు.

ఆయన ఉద్యోగం కూడా అలాంటిదే. కార్ల బ్రేకులకి విడిభాగాలు చేసే కంపెనీలో ఇరవయ్యారేళ్ళుగా క్వాలిటీ విభాగం. ఏ ముక్క పనికొస్తుంది, ఏది పారెయ్యాలి అని తేల్చడమే పని. అందుకే తిండి విషయంలోనూ ఆయనకొక పద్ధతి ఉండేది. మూడుసార్లు తినకుండా ఏ హోటల్ గురించీ చెడ్డమాట రాసేవారు కాదు. "ఒకసారి బాగాలేదంటే వంటవాడికి జ్వరం వచ్చుండొచ్చు. రెండోసారి నాకే ఒంట్లో బాగాలేదేమో. మూడోసారీ అంతే అయితే అప్పుడు చెప్దాం" అనేవారు. నేను చూసినంతలో ఆ పద్ధతి ఒక్కసారే తప్పారు.

పోయిన ఏడాది ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద, బట్టలుతికే లాండ్రీ పక్కన 'కాంతం వంటిల్లు' అని ఒకటి తెరిచారు. దాన్ని తెరిచిన కోటేశ్వరరావు గారికి కార్ల కంపెనీలో ఉద్యోగం పోయింది. ఆ వయసులో ఇంకెవరూ పిలవకపోవడంతో, భార్య లక్ష్మీకాంతం గారి చేతి వంటని నమ్ముకుని ఉన్నదంతా అందులో పెట్టారు. వంట మొత్తం ఆవిడదే. ఆయన కౌంటర్‌లో నిలబడేవారు, ఇంటికొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆదివారం పనసకాయ పలావ్ చేసేవారావిడ. నేను నాలుగైదుసార్లు తిన్నాను. మా అమ్మ కంటే బాగా చేస్తారు. ఈ మాట అమ్మకి చెప్పలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం గ్రూపులో భీమశంకరం గారి ఫోటో వచ్చింది. తెల్లటి ప్లేటు, పలావ్, పక్కన చెంచా మీద నల్లగా, ముడుచుకుపోయి, అంచున బూడిదరంగు పూతతో ఏదో పొర. కింద రెండే వాక్యాలు: "కాంతం వంటిల్లులో ఇవాళ నా ప్లేటులో వచ్చిన బూజు. పిల్లలకి పెట్టేవాళ్ళు జాగ్రత్త."

ఫోటో చూడగానే నవ్వొచ్చింది నాకు. అది రాతి పువ్వు. పలావ్ మసాలాలో వేస్తారు. వట్టిగా చూస్తే గోడమీద పెచ్చులా ఉంటుంది, వేడి నూనెలో పడితే అప్పుడు తెలుస్తుంది దాని గొప్ప. నా మసాలా డబ్బాలో కూడా ఉంది. "అంకుల్, అది బూజు కాదు, రాతి పువ్వు" అని టైప్ చేశాను. పంపబోతుంటే గ్రూపులో వరస మొదలైంది. వాంతి బొమ్మలు, "థాంక్యూ అంకుల్, నెక్స్ట్ వీక్ బర్త్‌డే పార్టీకి ఆర్డర్ ఇచ్చాం, క్యాన్సిల్ చేస్తున్నాం" అని ఒకరు, హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలని ఇంకొకరు. ఎనిమిది వందల మందిలో పెద్దాయన్ని తప్పు పట్టడమా అనిపించింది. ఎవరో ఒకరు చెప్తారులే అనుకున్నాను. టైప్ చేసింది చెరిపేశాను. సాయంత్రం ఆయనకి విడిగా చెప్దామనుకున్నాను. సాయంత్రం మా అమ్మాయి నైనికకి జ్వరం వచ్చింది. జ్వరం రెండు రోజుల్లో తగ్గింది. తరవాత నాలుగు నెలలూ నేను చెప్పలేదు. పిరికితనం అంతే.

ఇంకెవరూ చెప్పలేదు. ఆ గ్రూపులో వంటొచ్చినవాళ్ళు నేనొక్కదాన్నేనా? అయినా ఎవరూ నోరు మెదపలేదు. నేను కూడా అటువైపు వెళ్ళడం మానేశాను. కాంతం గారి మొహం చూడలేక మానేశానని అప్పుడు ఒప్పుకోలేదు, పనసకాయ పడట్లేదని దివాకర్‌తో అన్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం భీమశంకరం గారిని భోజనానికి పిలిచాం. ఆయనకోసం పప్పు, దొండకాయ వేపుడు చేసి, పిల్లకోసం కూరగాయల పలావ్ కూడా చేశాను. "ఆ పలావ్ కూడా కొంచెం పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. మసాలా ఏరి పక్కన పెట్టడం అలవాటు నాకు, ఆ రోజు ఏదో ధ్యాసలో మర్చిపోయాను. నాలుగో ముద్ద దగ్గర ఆయన చెయ్యి ఆగింది. వేళ్ళతో ఏదో తీసి ప్లేటు అంచున పెట్టి, కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా చూశారు.

"అమ్మా నమ్రతా, ఇదేంటి?"

"రాతి పువ్వండీ. మసాలా దినుసు."

"తినేదేనా?"

"వాసనకి వేస్తారండీ. ఉడికాక తినేసినా ఏం కాదు."

ఆయన దాన్ని వేలితో తిరగేసి చూశారు. తరవాత మెల్లిగా, "అక్టోబర్‌లో నేను పెట్టిన ఫోటో చూశావా?" అన్నారు.

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "చూశానండీ" అన్నాను.

"చూసినప్పుడు తెలుసా ఇదేంటో?"

"తెలుసండీ."

నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని, తువాలు పట్టుకుని సింకు దగ్గరే నిలబడిపోయారు. "మా ఫ్యాక్టరీలో చెడ్డ పార్ట్ పాస్ అయితే ఎక్కడో ఒకచోట బయటపడుతుందమ్మా. కస్టమర్ అరుస్తాడు, రిపోర్ట్ వస్తుంది. మంచి పార్ట్‌ని రిజెక్ట్ చేశాననుకో, దానికి నోరు లేదు. స్క్రాప్‌లోకి పోతుంది. నేను తప్పు చేశానని నాకు ఎప్పటికీ తెలీదు" అన్నారు. తువాలు మడిచి పక్కన పెట్టారు. "పద, వెళ్దాం. ఇప్పుడే."

వెళ్ళాం. ఆదివారం ఒంటిగంటన్నర. లాండ్రీ ముందు ఖాళీ లేకుండా కార్లు, కాంతం వంటిల్లు ముందు మా కారొక్కటే. తలుపు మీద తెల్ల కాగితం అంటించి ఉంది: నెలాఖరుకి మూసేస్తున్నాం, ఇన్నాళ్ళూ ఆదరించినందుకు కృతజ్ఞతలు. ఆదరించినందుకు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. భీమశంకరం గారు ఆగలేదు.

కౌంటర్‌లో ఉన్న కోటేశ్వరరావు గారు ఆయన్ని చూసి గుర్తుపట్టారు. పలకరించలేదు. లోపలికి తిరిగి, "కాంతం, ఇలా రా" అన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"అమ్మా, నా పేరు భీమశంకరం. ఆ ఫోటో పెట్టింది నేనే" అన్నారాయన నిలబడే. "అది రాతి పువ్వని నాకు తెలీదు. ఇవాళ ఈ అమ్మాయి చెబితేనే తెలిసింది. నాది ఘోరమైన తప్పు."

నా తప్పు గురించి ఆయన ఒక్క మాట అనలేదు. ఆ సందులో నేను కూడా అనలేదు.

కోటేశ్వరరావు గారు బిల్లుల కాగితాలు సర్దడం మొదలుపెట్టారు, సర్దడానికి అక్కడేమీ లేకపోయినా. కాంతం గారే మాట్లాడారు. "మీరు ఆ కిటికీ పక్కన కూర్చున్నారు ఆ రోజు. నాకు గుర్తుంది. మీరు వచ్చారంటే మా అదృష్టమని ఈయన లోపలికొచ్చి చెప్పారు. పెరుగు కొత్తది తీసి పెట్టాను. నేను పదడుగుల దూరంలోనే ఉన్నానండీ. ఒక్క మాట పిలిచి, ఇదేంటని అడిగితే సరిపోయేది."

భీమశంకరం గారు తల దించుకున్నారు.

"ఆ తరవాత రాతి పువ్వు వెయ్యడం మానేశాను, మళ్ళీ ఎవరైనా చూస్తారని భయమేసి. అది లేకపోతే పలావ్‌కి ఆ వాసన రాదు కదండీ. టేస్ట్ మారిందని ఉన్న నలుగురూ రావడం మానేశారు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే వినడం తేలికగా ఉండేది. "కూర్చోండి, ఆవకాయన్నం తింటారా?" అని ఆయన్ని అడిగారు. ఆయన కూర్చుని ఆవిడ పెట్టింది పెట్టినట్టు తిన్నారు. తింటూ ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఆ సాయంత్రమే గ్రూపులో రాశారు. తను తప్పు చేశానని, అది మసాలా అని, తెలియని వస్తువు చూసి అడగకుండా బూజు అని రాశానని, ఆ హోటల్లో తప్పేమీ లేదని. నా పేరు అందులోనూ లేదు. రెండు గంటల్లో మూడు వందల హార్ట్‌లు వచ్చాయి. "రెస్పెక్ట్ అంకుల్", "తప్పు ఒప్పుకోవడానికి గట్స్ ఉండాలి", "అందుకే మీ మాట మేం నమ్మేది". నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని మెచ్చుకోవడానికి మూడు వందల మందికి వేళ్ళు ఆడాయి, ఒక్కరికి కూడా ఆదివారం భోజనానికి వెళ్దామని తోచలేదు. పార్కులో ఒకావిడ నాతో అననే అంది: "మసాలానే అని తెలుసు నమ్రతా, కానీ ఆ ఫోటో కళ్ళముందుకొస్తుంది. తినబుద్ధి కాదు."

తరవాతి శనివారం ఆయన పదకొండింటికే వెళ్ళి అక్కడ కూర్చున్నారు. మూడింటిదాకా రెండు కుటుంబాలొచ్చాయి. అందులో ఒకటి మాది. ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన గ్రూపులోంచి బయటికొచ్చేశారు. ఎవరైనా ఫోన్ చేసి ఎక్కడ బాగుంటుందండీ అనడిగితే, "మీరే తిని చూసుకోండమ్మా, నాకు తెలీదు" అని పెట్టేస్తున్నారు. జనం అది వినయం అనుకుంటున్నారు.

నెలాఖరు రోజు ఇద్దరం కలిసి వెళ్ళాం. గిన్నెలు అట్టపెట్టెల్లోకి ఎక్కుతున్నాయి. భీమశంకరం గారు కోటు విప్పి, కోటేశ్వరరావు గారితో కలిసి బల్లలు ఒకదాని మీదొకటి పేర్చడం మొదలుపెట్టారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు కానీ బల్లకి చెరో పక్కా పట్టుకున్నారు. కాంతం గారు చివరిగా చేసిన పలావ్ నాకు డబ్బాలో పెడుతున్నారు. ఆ రోజు రాతి పువ్వు వేశారు. గది నిండా ఆ వాసనే.

"మీకు చాలా రుణపడి ఉన్నానమ్మా" అన్నారావిడ. "ఆయనకి నిజం చెప్పింది మీరే కదా. చివరికైనా మా మీద మచ్చ లేకుండా వెళ్తున్నాం. ఇది రాతి పువ్వు అని ఒక్క మాట చెప్పేవాళ్ళు ఆ అక్టోబర్‌లో ఒక్కళ్ళుండుంటే బాగుండేది. అదే మా ఖర్మ, అప్పుడు మీరు ఆ గ్రూపులో లేకపోయారు."

బల్ల పట్టుకున్న భీమశంకరం గారు నావైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. నేను తలూపి డబ్బా తీసుకుని వచ్చేస్తే, ఈ భూమ్మీద ఆయన ఎవరికీ చెప్పరు. అది నాకు తెలుసు.

"ఉన్నానండీ" అన్నాను. "ఆ రోజే చూశాను. అదేంటో తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

కాంతం గారి చేతిలో గరిటె ఆగింది. నా మొహంలోకి చూశారు.  డబ్బా మూత పెట్టి, నాకివ్వకుండా బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి గిన్నెలు సర్దుకోవడంలో పడ్డారు.