బూడిద చట్టిలో తడి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే పనుందని లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. పెడనలో మా వీధి ఆడవాళ్ళు నన్ను రాతిగుండెదని అనేవారు. అన్నా పట్టించుకోలేదు. ఇప్పటికీ నమ్మను. కానీ మా ఇంట్లో జరిగింది దాచి లాభం లేదు కనుక, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అవి యాభైల చివరి రోజులు. మాది గుడ్డలకు అచ్చులేసే ఇల్లు. మా ఆయన, మా అత్తయ్య, నేను ఉండేవాళ్ళం. నాలుగో ప్రాణం అత్తయ్య పెంచిన బూడిదరంగు పిల్లి. దాన్ని అమ్మడూ అని పిలిచేది. అత్తయ్యది గట్టి చెయ్యి, పిల్లికి కూడా బిచ్చం పెట్టదని వీధిలో చెప్పుకునేవారు. నిజానికి ఆవిడ అడక్కుండా పెట్టింది పిల్లికొక్కదానికే.

దానికి ఆవిడ ఒక అలవాటు నేర్పింది. వెనక వసారాలో అంచు విరిగిన పాత మట్టి చట్టి ఉండేది. రోజూ పొద్దున్నే పొయ్యిలో బూడిద జల్లించి అందులో పోసి, అరచేత్తో చదును చేసేది. అమ్మడు ఆ చట్టిలోనే ఉచ్చ పోసి, కాలితో బూడిద కప్పి వచ్చేది. నేను కాపురానికి వచ్చిన ఐదేళ్ళలో అది ఒక్కనాడూ తప్పు చెయ్యలేదు.

మంచం పట్టాక అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచింది. "దాని చట్టి మాత్రం కదపకమ్మాయ్. దానికి అదొక్కటే తెలుసు" అంది. సరేనన్నాను.

ఆవిడ పోయిన పదకొండో రోజు శుద్ధి. ఆ రోజు మైలపడ్డ మట్టికుండలన్నీ పారేసి కొత్తవి తెచ్చుకోవడం మా ఆచారం. కుండలతో పాటు ఆ చట్టిని కూడా తీసుకెళ్ళి కాలవగట్టున విసిరేశాను. ఆవిడ మాట గుర్తు లేక కాదు. పిల్లి చట్టి కోసం ఇంట్లో మైల ఉంచుకుంటానా అనుకున్నాను. కొత్త చట్టి తెచ్చి అదే చోట పెట్టి బూడిద పోశాను.

అమ్మడు దాన్ని వాసన చూసి వెనక్కి తిరిగింది. మర్నాటి నుంచి గుడ్డల మీద పోయడం మొదలుపెట్టింది.

అచ్చు వేసే ముందు గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి తడిపి, ఎండబెట్టి మడతలు పెడతాం. ఉచ్చ పడ్డచోట నల్లరంగు నిలవదు, చెదిరిపోతుంది. బందరు షావుకారు దుప్పట్లు రెండుసార్లు పాడయ్యాయి. మూడోసారి పాడైతే పని ఇంకొకళ్ళకిస్తానని ఆయన కబురు చేశాడు. మాకు ఆ పని తప్ప వేరే ఆధారం లేదు.

పేడతో అలికాను. నిమ్మతొక్కలు పరిచాను. కొత్త చట్టిని నాలుగు చోట్లకు మార్చాను. పిల్లిని తీసుకెళ్ళి అందులో కూర్చోబెడితే, కాళ్ళు బిగబట్టుకుని నా మొహంలోకి చూసేది.

పాత చట్టి పోవడం వల్లే ఇదంతా అని నాకు రెండో రోజే తెలుసు. మైల కుండను తిరిగి ఇంట్లోకి తెస్తే నలుగురూ ఊరుకోరు. మా ఆయనకు చెబితే తల్లి ఆఖరి మాట దాటానని తెలిసిపోతుంది. నోరు మూసుకున్నాను.

"నీళ్ళు దాటించి వదిలేసొస్తాను. ఇంక నావల్ల కాదు" అన్నారాయన ఒకరోజు.

"ఇంకో నాలుగు రోజులు చూద్దామండీ" అన్నాను, అంతకుమించి అనలేక.

నీళ్ళు దాటిన పిల్లి తిరిగి రాదని మా వైపు నమ్మకం. సోమవారం దాన్ని గోనెసంచిలో పెట్టుకుని, చల్లపల్లి మీదుగా బస్సులు మారి కోడూరు వెళ్ళి, అక్కడ కాలవ దాటించి గట్టున వదిలి వచ్చారు.

గురువారం పొద్దున వసారా ఊడుస్తుంటే కొత్త చట్టిలో బూడిద తడిసి ఉంది. ఒక మూల తడి, దానిమీద పొడి బూడిద కప్పి ఉంది. వాసన కూడా అదే.

వీధి పిల్లి ఏదైనా వచ్చిందేమోనని బూడిద మార్చి, చట్టిని వంటింట్లోకి తెచ్చి, మీద గంప బోర్లించి, గంప మీద సన్నికల్లు పెట్టి, తలుపు గడియ వేశాను. శుక్రవారం పొద్దున గడియ వేసినట్టే ఉంది, రాయి కదల్లేదు. గంప ఎత్తితే తడి.

ఆయన్ని పిలిచి చూపించాను. సముద్రపు గాలి చెమ్మ అన్నారు. తర్వాత వంగి వాసన చూశారు. శనివారమూ అలాగే ఉంది. ఆదివారం ఆయన ఖాళీ సంచి పట్టుకుని కోడూరు బస్సెక్కారు.

కాలవ పక్కన టీ కొట్టు పెట్టుకున్నాయన చెప్పాడట: "మీరు దించిన చోటే కూచుందండీ. పాలు పోసినా ముట్టలేదు. గురువారం తెల్లారేసరికి పోయింది. ఆ గట్టునే కప్పెట్టాను."

ఇంటికొచ్చి ఖాళీ సంచి వసారాలో పెట్టి, "అమ్మ పిల్లిని నా చేతుల్తో చంపానే" అన్నారు. అప్పుడైనా నేను చెప్పాల్సింది.

మర్నాడు ఒక్కదాన్నే మా ఊరి కాలవగట్టుకు వెళ్ళి వెతికాను. కుండపెంకుల మధ్య, విరిగిన అంచున్న ఆ చట్టి ముక్క దొరికింది. కొంగులో దాచి తెచ్చి, కొత్త చట్టి అడుగున పెట్టి పైన బూడిద పోశాను. ఆ తర్వాత తడి ఎప్పుడూ కనబడలేదు. చట్టి పొడిగా ఉన్న ఆ మొదటి పొద్దున కూర్చుని ఏడ్చాను.

ఆ రోజు నుంచి మా ఆయన ప్రతిపూటా మొదటి ముద్ద తీసి వసారా గోడవారన పెట్టి, తర్వాత తినేవారు. పిల్లిని చంపిన పాపం తనదేననుకుంటూ నిరుడు కన్నుమూశారు. అన్నేళ్ళూ ఆ ముద్ద మీద కాకులు వాలడం చూస్తూ నేను ఆయనకు అన్నం వడ్డించాను.

ఆ తడి ఎక్కడిదో ఇవాళ్టికీ చెప్పలేను. చట్టి పారేసింది నేనేనండీ. ఆయనకు చెప్పలేకపోయాను.