గేటు నుంచి మూడో వరుస

బంట్వారం దగ్గరి మా ఊరి సమాధుల తోటలో రాళ్ల మీది రాతలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించే పని నా మెడకు చుట్టుకుంది. టీచరుగా రిటైరై వికారాబాద్‌లో ఖాళీగా కూర్చున్నాను కదా, అందుకని. స్థలం అయిపోవస్తోందని చర్చి కమిటీ ఒక నియమం పెట్టింది. ఎవరి సమాధి ఏదో పుస్తకంలో రాసి ఉంటేనే, దాని పక్కన సొంతవాళ్లకు చోటు. నేను తలూపడానికి అసలు కారణం అమ్మ. ఆమెకు ఎనభై దాటాయి. నేను పుట్టకముందే, నాలుగేళ్ల వయసులో జ్వరంతో పోయిన మా అక్క పక్కన తనను పెట్టాలని ఆమె కోరిక. నాన్న పక్కన ఖాళీ ఉంది కదా అంటే, "జిందగంత ఆయన పక్కనే ఉన్న, ఇగ సాలు" అనేది.

పని అనుకున్నంత తేలిక కాదు. మా దగ్గర ఏటా సమాధుల పండుగకు రాళ్లకు సున్నం వేస్తారు. ఏళ్ల తరబడి వేసిన సున్నం అక్షరాల్లో గట్టిపడిపోయి ఉంటుంది. నీళ్లు చల్లి, నానబెట్టి, కర్రపేడుతో గీకి, పైన ముగ్గుపిండి రుద్ది తుడిస్తే, గాడుల్లో పిండి నిలిచి రాత తేలుతుంది. 'ప్రభువునందు నిద్రించెను' అన్నది ప్రతి రాయి మీదా చక్కగా ఉంటుంది. ఎవరు నిద్రించారో చెప్పే చోటే రాయి చెక్కు లేచి ఉంటుంది. నాకసలే ఓపిక తక్కువ. రోజుకు ఐదారు రాళ్ల కంటే సాగక, ఇంటికొచ్చి అందరి మీదా విసుక్కునేవాణ్ని.

అక్క రాయి వంతు వచ్చిన రోజు అమ్మ కూడా వస్తానంది. ఆ నాపబండ మీద అక్షరాలు చెక్కింది నాన్నే. ఆయన తాండూరు క్వారీలో బండలు కోసేవాడు. చదువు రాదు. గుమస్తా సుద్దముక్కతో రాసిస్తే ఆ గీతల వెంట ఉలి నడిపాడట. అమ్మకూ చదువు రాదు. గొడుగు వేసుకుని రాయి పక్కనే కూర్చుంది.

"సదువు కొడుకా. మీ అయ్య ఏం జెక్కిండో నేను ఇంతవరకు ఇననేలే."

సున్నం పెళ్లలుగా ఊడింది. పిండి రుద్దాను. తేలినవి కన్నడ అక్షరాలు. సరిహద్దు దగ్గరి వాళ్లం కాబట్టి కూడబలుక్కుని చదవగలను. కర్ణాటకలోని సేడం వైపు నుంచి వచ్చి ఇక్కడ చనిపోయిన ఎవరో ముసలాయన సమాధి అది.

అక్క పేరు చదివేసి ఉండొచ్చు. ఎవరడగొచ్చారు? కానీ ఉన్నది ఉన్నట్టు చదవమని జీవితమంతా పిల్లల మీద బెత్తం ఆడించిన వాణ్ని, రాయి మీద లేనిది చదవడానికి నోరు రాలేదు. దాన్ని నిజాయితీ అని నేనిప్పుడు అనుకోవడం లేదు.

"ఏంది, గట్ల సూస్తవ్?" అంది అమ్మ.

"ఇది అక్కది కాదమ్మా. ఎవరో ముసలాయనది."

ఆమెను అడగ్గా అడగ్గా పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసింది. అక్కకు రాయి వేశాక నాన్న అమ్మను కూడా తాండూరు తీసుకుపోయాడు. చాలా ఏళ్లు ఊరి మొహం చూడలేదు. నేను బడికి పోయే వయసులో నాన్న బండల దుమ్ముకు దగ్గి దగ్గి అక్కడే పోతే, శవాన్ని లారీలో ఊరికి తెచ్చుకున్నాం. అప్పటికి పాత గేటు మూసేసి, రోడ్డు వైపు కొత్త గేటు పెట్టారు. అమ్మకు గుర్తున్నది ఒక్కటే, గేటు నుంచి మూడో వరుసలో చివర. కొత్త గేటు నుంచి లెక్కపెట్టింది. అక్కడా చిన్న బండే ఉంది. అప్పటి నుంచి ఏటా సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు అన్నీ ఆ ముసలాయనకే.

పాత గేటు ఉన్న చోటు వెతికి, అక్కడి నుంచి లెక్కపెట్టాం. మూడో వరుస చివర మూడు చిన్న బండలు పక్కపక్కనే ఉన్నాయి. సున్నం పడని నాపబండ ఎండకూ వానకూ పొరలు పొరలుగా లేచిపోతుంది. మూడింటి మీదా పైపొర లేదు. పిండి రుద్దాను, వేళ్లతో తడిమాను. ఒక్క గీత కూడా మిగల్లేదు.

"దీంట్ల ఏది?"

"తెలుస్తలేదమ్మా."

ఆమె వంగి మూడు రాళ్లనూ ముట్టుకుంది. "గిన్నేండ్లల్ల నా బిడ్డకు ఒక్క పండుగకు గూడ సున్నం పడలే," అంది. "అందరి తల్లులు ఏసిండ్రు. ఎంత ఎదురుసూసిందో."

ఏదో ఒకటి అక్కదే అనుకుని రాసేస్తానన్నాను. కమిటీ కాదనదన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "మల్ల తప్పు పిల్ల కాడికేనా?" అంది. ఈ పని ఒప్పుకోకపోయి ఉంటే, బిడ్డ పక్కనే పడుకుంటానన్న నమ్మకంతో ఆమె హాయిగా పోయేది. ఆ నమ్మకాన్ని నా చేతులతో నేనే గీకి పారేశాను.

పుస్తకం పూర్తయ్యాక కమిటీ పెద్దమనిషి ఇంటికొచ్చి, అమ్మకు ఎవరి పక్కన చోటు రాయమంటారని అడిగాడు. జవాబు ఆమే చెప్పింది.

"ఎవ్వల పక్క వద్దు సారు. ఏడ ఖాళీ ఉంటె ఆడ పెట్టుండ్రి."