కాపు లేని పనసచెట్లు

సర్కారు తీసుకునే ఆస్తులకు వెల కట్టడం నా ఉద్యోగం. పెళ్లిచూపుల్లో మా మామగారు ఏం చేస్తుంటావు బాబూ అని అడిగితే, పరాయివాళ్ల ఇళ్లకి ధర చెబుతుంటానండీ అన్నాను. ఆయనకి ఆ మాట రుచించలేదు. పిల్లనిచ్చారు గానీ, నేను వాళ్లింట్లో గోడ వైపు కాసేపు చూస్తే చాలు, ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేసేవారు.

అందులో సీనియర్ పోస్టు కావాలంటే కాగితం మీద అడిగేవి పెద్దగా ఏమీ లేవు. సివిల్ డిప్లొమా, డిపార్ట్‌మెంటు పరీక్షలు, పదేళ్ల సర్వీసు. ఇటుకను గోటితో గీకి గోడ వయసు చెప్పడం, దూలం తట్టి చెద పట్టిందో లేదో పోల్చడం పనిలో పడ్డాక వాటంతటవే వస్తాయి. కాగితం మీద లేని అర్హత మాత్రం ఒకటుండేది. నువ్వు కట్టిన వెల కోర్టులో నిలబడాలి. జడ్జిగారు ఒకటి రెండుసార్లు దాన్ని పెంచారంటే నీ ప్రమోషన్ ఫైలు కట్ట అడుక్కి పోతుంది. అందుకే నాకు పని నేర్పిన పెద్దాయన ఒక ఉపాయం చెప్పారు. చెట్టు ఎంత కాస్తుందో నువ్వు చెప్పకు, యజమాని నోటే చెప్పించు, అదే రాసుకుని వేలిముద్ర వేయించుకో, ఇక నిన్నెవరూ కదపలేరు అన్నారు.

డెబ్భైల చివర్లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం గాజువాక అవతల ఊళ్లకు ఊళ్లు తీసుకుంటున్నప్పుడు నన్ను అక్కడికి వేశారు. టేపు, పుస్తకం, వేలిముద్రల సిరా డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాణ్ని. కాసే చెట్టుకి ఒక వెల, కాయని చెట్టుకి వంటచెరుకు వెల. రెండింటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఒక ఊళ్లో చివరి ఇల్లు ఒక ముసలామెది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఇంటి వెనక పదకొండు పనసచెట్లు. ఎండాకాలం పండ్లు గంపకెత్తుకుని సింహాచలం కొండ కింద అమ్ముకోవడమే ఆమె బతుకు. ఊరు పోతే కాలనీలో స్థలమిస్తారట, చెట్లకొచ్చే డబ్బుతో అక్కడ నాలుగు గోడలు లేపుకుంటానని నాకు మజ్జిగిస్తూ తనే చెప్పింది. ఆమెకి వేరే ఆధారం లేదని నాకు అప్పుడే తెలుసు.

నేను వెళ్లింది కార్తీకంలో. చెట్ల మీద కాయలుండే కాలం కాదు. పుస్తకం తెరిచి, అమ్మా, చెట్టుకి ఎన్ని కాయలు కాస్తాయి అన్నాను.

"ఏటి కాత్తాయి బాబూ, ముసిలి సెట్లు. ఏదో నాలుగు కాయలు, అవీ నిలవ్వు."

మా వైపు మనుషులెవరైనా అంతే చెబుతారు. మా అమ్మ కూడా అంతే. గేదె పొద్దుటా సాయంత్రం బిందె నింపుతున్నా, ఇరుగమ్మ అడిగితే ఎక్కడమ్మా, పొదుగు ఎండిపోయింది అనేది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని మా వాళ్ల నమ్మకం. ఇక అడిగినవాడు సర్కారు మనిషైతే, ఎక్కువ చెబితే శిస్తు పెంచుతాడేమోనన్న భయం కూడా తోడవుతుంది. ఉన్నది లేదనడం వాళ్లకి అబద్ధం కాదు, జాగ్రత్త. ఈసారి తక్కువ చెబితే నష్టపోయేది తానేనని ఆమెకి తట్టలేదు. నాకు తట్టింది.

తట్టడమే కాదు, కంటితో చూశాను. దారి పక్కనున్న మూడు చెట్ల కొమ్మలకీ పాత చెప్పులు వేలాడుతున్నాయి. విరగకాసే చెట్టుకే దిష్టి తగలకుండా చెప్పు కడతారు. గొడ్డు చెట్టుకి ఎవరూ కట్టరు. మొదళ్ల దగ్గర కాయలు కోసిన తొడిమల మచ్చలు కూడా ఉన్నాయి. ఒక్క మాట చెబితే సరిపోయేది. అమ్మా, ఇది శిస్తు కోసం కాదు, ఉన్నదున్నట్టు చెప్పు అని. చెప్పలేదు. ఆఖరి బస్సుకి టైమవుతోంది, అది నిజమే. దానికన్నా పెద్ద నిజం, ఆమె మాట నా పనికి సరిగ్గా సరిపోయింది. కాపు లేనివి, పదకొండు అని రాసి, ఆమె బొటనవేలు నేనే పట్టుకుని సిరాలో అద్దాను.

డబ్బు చేతికొచ్చాక గానీ ఆమెకి అర్థం కాలేదు. ఆ డబ్బుతో పునాది కూడా లేవలేదు. ఎవరో చెబితే కోర్టుకెళ్లింది. అక్కడా చెట్లు కాస్తాయంది గానీ, ఎన్ని కాయలో మాత్రం నోట రానివ్వలేదు. ఆ కేసులో నన్ను సాక్ష్యానికి పిలిచేసరికి ఎనభైల్లో పడ్డాం. సీనియర్ పోస్టుకి నా పేరు అప్పుడే పంపారు. బోనులో నిలబడితే ఆమె తరఫు వకీలు నన్ను ఒకటే అడిగాడు. ఆ చెట్లు కాస్తాయనడానికి ఆనవాలేమైనా మీ కంటపడిందా?

"లేదండీ" అన్నాను.

నా వెల నిలబడింది. మరుసటి ఏడు నన్ను సీనియర్ని చేశారు. ఆఫీసులో స్వీట్లు పంచాను. దండ వేసి ఫోటో కూడా తీశారు. ఆ ఫోటో గోడకి పెట్టనివ్వలేదని మా ఆవిడకి ఇప్పటికీ కోపం.

సాక్ష్యం చెప్పిన రోజు నేను బోను దిగి బయటికొచ్చినప్పుడు ఆమె వరండాలో కింద కూర్చుని ఉంది. తప్పించుకుని పోదామనుకున్నాను. బాబూ అని పిలిచింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నీ తప్పేటీ లేదు నాయనా. నాను సెప్పిందే నువ్వు రాసినావు. అబద్దం ఆడింది నాను. నీకు మాటొచ్చీసింది నా వల్ల."

అప్పటికి ఆ ఇల్లూ లేదు, చెట్లూ లేవు. అంతా చదును చేసేశారు. ఆమె చెల్లెలి కొడుకింట్లో ఓ పంచన ఉంటోందట. ఆమె అటూ ఇటూ చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసింది. వంగాను.

"ఇప్పుడు సెప్పొచ్చు కదా బాబూ. సెట్టుకి అరవై కాయలు దించేదాన్ని. ఒక్కోటి నా ఒక్కదానికి లేచేది కాదు."

చెబుతుంటే ఆ ముఖం నిండా గర్వం. ఎన్నేళ్లు దాచుకుందో ఆ మాట. చాలా గొప్ప చెట్లమ్మా అన్నాను. బోనులో అనాల్సిన మాట అది.